పెద్దమ్మగారి చేతిలో మడమ

నేను ఒక స్కానింగ్ ప్రోబ్‌ని. డాక్టరు చేత్తో పట్టుకుని ఒంటిమీద మెల్లగా జారిస్తారే, ఆ ముక్కని. బట్టలుతికే బ్రష్షులా ఉంటానని ఆయా పోలమ్మ అభిప్రాయం. మనిషి చెవికి అందని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, అది దేనికి తగిలి తిరిగొచ్చిందో విని, తెరమీద బూడిదరంగు బొమ్మ వేయించడం నా పని. అందరూ నేను చూస్తాననుకుంటారు. నేను వింటాను, అంతే.

సముద్రాలవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ దుమ్ము పడకూడదని మనుషులు ముక్కూ నోరూ తలా మూసుకుని పనిచేసేవారు. అందుకని నన్ను కన్నవాళ్ళ మొహాలు నాకు తెలియవు. వెంట్రుక కంటే సన్నగా కోసిన స్ఫటికం పలుకుల్ని వరసగా పేర్చి, పైన మెత్తటి తొడుగు వేసి, నీళ్ళతొట్టెలో ముంచి పరీక్షించి, కచ్చితంగా కొలుస్తానని ముద్ర వేశారు. ఆ ముద్ర చూసుకుని చాలాకాలం గర్వపడ్డాను. నీళ్ళతొట్టెకి సిగ్గుండదని, అది ఎవరికీ దణ్ణం పెట్టదని అప్పుడు నాకు తోచలేదు.

మొదట ఒక మహానగరంలో పెద్ద ఆసుపత్రిలో పనిచేశాను. అక్కడ రోజంతా మెడలే. మెడలో గడ్డలు, మెడలో నరాలు. మనుషులకి తలకాయా మొండెమూ ఉంటాయని మరిచిపోయేటన్ని మెడలు విన్నాక, కొత్త మెషిను వచ్చిందని మమ్మల్ని అమ్మేశారు. ఆ మెషినుకి మేం ముగ్గురు ప్రోబులం. అన్న వంపుగా ఉంటాడు, వాడు కడుపులు చూస్తాడు. లోపలి బిడ్డ గుండె టకటకా కొట్టుకోవడం వినిపించి అందరిచేతా కళ్ళనీళ్ళు పెట్టించేవాడు వాడే. రెండోవాడు సన్నగా పొడుగ్గా ఉంటాడు. వాడు ఎక్కడికెళ్ళి వస్తాడో చెప్పడు, మేం అడగం. మూడోదాన్ని నేను. పరుపుల్లో చుట్టి లారీ ఎక్కించి, బొబ్బిలి వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న పట్నంలో దింపారు.

అక్కడ మా యజమానురాలు డాక్టర్ విశాలాక్షి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పట్నానికి పురుళ్ళు పోసిన మనిషి. ఆవిడ కారు బజార్లో ఆగిపోతే వెనక హారన్ కొట్టేవాళ్ళు ఉండరు. కొట్టబోయినవాణ్ణి పక్కవాడు, నిన్ను పోసింది ఆవిడేరా అని ఆపేస్తాడు. వేళకాని వేళ పిలుపులకి లేవలేక పురుళ్ళు మానేసి స్కానింగు మొదలుపెట్టింది. పట్నం ఆవిణ్ణి పెద్దమ్మగారంటుంది. ఆవిడ తమ్ముడి కూతురు హిమజ, స్కానింగు చదువే ప్రత్యేకంగా చదివి వచ్చి మేనత్త దగ్గరే ఉంటూ పనిచేస్తోంది. ఆమె చిన్నమ్మగారు. ఎంత చదివినా ఆ "చిన్న" మాత్రం పోలేదు.

మడమల స్కాను మొదలుపెట్టింది హిమజే. సిమెంటు నేలమీద రోజంతా నిలబడే ఆడవాళ్ళు ఆ పట్నంలో వీధికి పదిమంది. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ళదాకా అరికాలి అడుగున ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది వాస్తే నొప్పి. మామూలుగా మూడు మిల్లీమీటర్ల చిల్లర మందం ఉంటుంది, నాలుగు దాటితే వాపు కింద లెక్క. ఆ రెంటికీ మధ్య ఎంత చోటుందో చూడండి, గోరుకి పెట్టిన రంగంత. ఆ గోరురంగంత చోటులో మనుషులు తమ కాపురాలన్నీ తెచ్చి పెడతారని నాకు ముందు తెలియదు.

దసరాకి అందరితోపాటు నాకూ ఆయుధపూజ చేశారు. నా మొహానికి పెద్ద బొట్టు పెట్టారు. మర్నాడు తొలి మడమలో ఒక నల్లటి నీడ కనబడి అత్తా కోడళ్ళిద్దరూ పావుగంట తర్జనభర్జన పడ్డారు. గడ్డ అని ఒకరు, ఎముకలో బీట అని ఒకరు. చివరికి పోలమ్మ తడిగుడ్డతో నా మొహం తుడిస్తే జబ్బు నయమైంది.

ఆ రోజే వచ్చింది నూకరత్నం.

ఆమెకీ, ఆమె భర్త సన్యాసిరావుకీ బస్టాండు ఎదురుగా టిఫిను కొట్టు ఉంది. కొట్టు ఇద్దరిదీ అంటారు గానీ పని పంచుకున్న తీరు ఇలా ఉండేది: ఆమె తెల్లవారకముందు నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గర నిలబడుతుంది, ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఆమెను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచుకి వేలాడేలా సర్దింది హిమజ. ఆయన తలవైపు నిలబడ్డాడు.

"నొప్పి నొప్పి అంటాదండీ. నొప్పేదీ, నాకు కనబడదు కదా," అన్నాడు సన్యాసిరావు. "తీర్థానికెల్తే నొప్పుండదు. పిండి కలపమంటే వొచ్చీస్తాది."

"తీర్థానికెల్లి ఎన్నేళ్ళయినాదో కూడా సెప్పు," అంది నూకరత్నం, మొహం బల్లలోకి ఉంచే.

"సూసినారా చిన్నమ్మగారూ, ఎలగ మాటాడతాదో! అందికే మడిసి మాట వొద్దన్నాను. మెషిను సెప్తే ఇంటాను. మెషిను అబద్ధమాడదు కదండీ. ఉందని సెప్పిందనుకోండి, రేపట్నించి పెనం కాడ నానే నిలబడతాను. నేదన్నాదనుకోండి, ఈ మాట మల్లీ ఎత్తకూడదు. ఏటంటావే?"

"అలగే," అంది ఆమె.

నామీద ఇంత నమ్మకం ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. భార్యమీద లేని నమ్మకం నామీద పెట్టాడు. పొగిడినందుకు సంతోషించాలో, వణకాలో తెలియలేదు.

హిమజ నన్ను ఆనించింది. పాదం మెత్తగా, అలిసిపోయి, వదులుగా ఉంది. పట్టీ ఉబ్బి మసకగా వినిపించింది. తెరమీద నాలుగు పాయింట్ ఏడు.

సన్యాసిరావు గల్లా దగ్గర చెల్లని నోటు చూసినట్టు ఆ అంకెను చూశాడు. "చిన్నమ్మగారు సదువుకున్నోరే, కాదన్ను," అన్నాడు కాసేపటికి. "కానీ మా పిల్లలిద్దర్నీ పెద్దమ్మగారే పోసినారండి. ఆవిడొక్కపాలి సూడాల."

గాజుల చప్పుడుతో పెద్దమ్మగారు వచ్చింది. రెండు చేతులకీ నిండా మట్టిగాజులు ఆవిడకి. కాళ్ళ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, ఎడంచేత్తో నూకరత్నం మడమ పట్టుకుంది. "ఏమే నూకా, ఎన్నాళ్ళకి!"

నూకరత్నం బల్లమీద చేపలా ఎగిరింది. "అయ్యమ్మో! మీరు నా కాల్లు ముట్టడమేటమ్మా! పాపం కొట్టీస్తాది!" బోర్లా పడుకునే చెయ్యి వెనక్కి తిప్పి, పెద్దమ్మగారి చీరకుచ్చెళ్ళు అందుకుని కళ్ళకద్దుకోవాలని చూసింది. మనిషి ఒళ్ళు ఆ పనికి వీలుగా చెయ్యబడలేదు. చెయ్యి గాలిలో తడుముకుంది.

"కదలకు," అంది పెద్దమ్మగారు. ఆవిడ కదలకు అంటే ఆ పట్నంలో ఎవరూ కదలరు. నూకరత్నం కదలలేదు. కానీ పురుడు పోసిన చేతుల్లో తన మురికి మడమ ఉందన్న సంగతి పాదానికి తెలుసు. వేళ్ళు మొత్తం వెనక్కి, మోకాలివైపు లాక్కుంది. అడుగునున్న పట్టీ తడిబట్టలు వేసిన తాడులా బిగిసి సాగి పలచబడింది. నాకు వినబడుతూనే ఉంది. నాకు చెప్పే వీలున్నది ఒక్క అంకెలోనే.

మూడు పాయింట్ ఆరు.

"సూసినావా!" అన్నాడు సన్యాసిరావు. అని ఊరుకుంటే బావుండేది. "పెద్దోలు పెద్దోలే," అన్నాడు.

నూకరత్నం బల్ల దిగి కాలు నేలమీద పెట్టింది. అప్పుడు ఆమె మొహంలో ఏం కదిలిందో ఎవరూ చూడలేదు. అందరూ తెరవైపు చూస్తున్నారు.

"రెండు అంకెలొచ్చాయి కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేం," అంది హిమజ. "వచ్చే మంగళవారం రండి. తేలుస్తాం."

వాళ్ళు వెళ్ళాక అసలు గొడవ మొదలైంది.

"నువ్వు దాన్ని వాలుగా పడుతున్నావే. వాలుగా కోస్తే దొండకాయ కూడా లావుగానే కనబడుతుంది."

"నువ్వే నొక్కేస్తున్నావత్తా. ముప్పై ఏళ్ళు కడుపులు నొక్కిన చెయ్యి నీది."

"నా చెయ్యి సంగతి ఈ ఊరికి తెలుసు."

"అదేగా నా బాధ."

ఆ వారమంతా మా వరండాలో కూర్చున్నవాళ్ళెవరూ కొలతనుంచి తప్పించుకోలేదు. జ్వరానికి వచ్చినవాళ్ళూ, కడుపు స్కానుకి వచ్చినవాళ్ళూ, వాళ్ళకి తోడొచ్చినవాళ్ళూ, ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడూ అందరూ బోర్లా పడుకున్నారు. అత్త కొలిచింది కోడలికి తెలియకుండా, కోడలు కొలిచింది అత్తకి తెలియకుండా. ప్రతి మడమా హిమజ చేతిలో లావు, పెద్దమ్మగారి చేతిలో సన్నం. ఒక ముసలాయన ఇద్దరూ వంతులవారీగా తన కాళ్ళు పట్టుకోవడం చూసి, తనకేదో పెద్ద జబ్బుందని ఇంటికి కబురుపెట్టాడు.

చివరికి ఎవరో బాలింత పుట్టింటివాళ్ళు జున్ను తెచ్చారు. హిమజకి ఒక ఆలోచన వచ్చింది. జున్నుముక్క పళ్ళెంలో పెట్టి, మీద జెల్లు రాసి, అత్తచేత కొలిపించింది. తనూ కొలిచింది. ఇద్దరికీ ఒకటే అంకె. ఎన్నిసార్లు కొలిచినా అదే. జున్నుకి పెద్దమ్మగారెవరో తెలియదు.

"అయితే మన చేతుల్లో తప్పులేదు," అంది హిమజ. "తేడా వాళ్ళలో ఉంది. ఎవరు పట్టుకున్నారో వాళ్ళకి తెలుస్తోంది."

"బోర్లా పడుకుంటే ఎలా తెలుస్తుందే?"

"నీ గాజులు మోగుతాయిగా. తీసెయ్ అత్తా, మంగళవారం దాకా."

పెద్దమ్మగారు ఆమెవైపు చూసిన చూపుకి తెరకూడా ఒక క్షణం ఆరిపోయిందనిపించింది. "మీ మామయ్య లోపల నిక్షేపంలా పేపరు చదువుకుంటూంటే, నేను బోడిచేతులతో తిరగాలా? కొలతలూ వద్దు, ఏమీ వద్దు."

కనుక హిమజే గాజులు వేసుకుంది. అత్త బీరువాలో దాచుకున్నవి, ఆవిడ చేతులకున్నన్ని. అది చాలదనిపించి అత్త పాత చెప్పులు వేసుకుని ఆవిడలాగే ఈడ్చింది. అత్త రాసుకునే గంధప్పొడి రాసుకుంది. ఇద్దరూ నోరెత్తకూడదని నియమం పెట్టుకున్నారు. ఇప్పుడా గదిలో ఇద్దరు పెద్దమ్మగార్లు. బల్లమీద పడుకున్నవాళ్ళు గాజుల చప్పుడు వినీ, గంధం వాసన పీల్చీ, ప్రతిసారీ భక్తిగా వేళ్ళు వెనక్కి లాక్కున్నారు. రెండు కొలతలూ కవలపిల్లల్లా కలిసిపోయాయి. మూడు పాయింట్ ఆరుకి మూడు పాయింట్ ఆరు. మూడు పాయింట్ నాలుగుకి మూడు పాయింట్ నాలుగు.

"అయిపోయింది!" అంది పెద్దమ్మగారు. ఇద్దరు మనుషులు విడివిడిగా కొలిచినా ఒకటే అంకె వస్తే ఆ కొలత నమ్మదగినదని హిమజ పుస్తకాల్లో ఉందట. ఇద్దరూ ఒక్కలాగే పొరబడితే ఏమనాలో ఆ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం మిగిలిన జున్ను తిన్నారు.

హిమజ మాత్రం గాజులు తీస్తూ అంది: "అంకెలు కలిశాయి సరే. నేనీ గాజులు వేసుకున్న దగ్గర్నుంచీ ఒక్క మనిషికి కూడా వాపు రాలేదేమత్తా? నొప్పని వచ్చినవాళ్ళకి కూడా?"

పెద్దమ్మగారు గిన్నె పోలమ్మకిచ్చి లోపలికెళ్ళిపోయింది.

మంగళవారం నూకరత్నం కొట్టునుంచి తిన్నగా వచ్చింది. పెళ్ళిబృందాల బస్సులు ఆగాయట, తెల్లవారకముందునుంచీ నిలబడే ఉంది. చీరకి శెనగపిండి. సన్యాసిరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, తీర్పు వినడానికి వచ్చినవాడిలా. ముందు హిమజ గాజులు మోగించుకుంటూ కొలిచింది. మూడు పాయింట్ ఆరు. పెద్దమ్మగారు కొలవబోయేసరికి కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. తెర ఆరింది. కరెంటు వచ్చేదాకా కదలకుండా పడుకోమన్నారు. కదలకుండా పడుకోవడం నూకరత్నానికి ఏళ్ళ తరబడి ఎవరూ చెప్పని పని. కాసేపు పాదాలు బిగబట్టుకునే ఉంది. తరవాత ఆమె మడమ కొంచెంకొంచెంగా బరువెక్కి వేలాడింది. తరవాత గురక.

"ఏయ్, లే! డాక్టరమ్మగారి ముందర!" అని సన్యాసిరావు భుజం పట్టుకోబోయాడు. పెద్దమ్మగారు వేలు చూపించింది. ఎన్నో పురుళ్ళ తరవాత ఎందరో ఆడవాళ్ళు నిద్రపోతూంటే, గుమ్మంలో నిలబడి చుట్టాల్ని ఆపిన వేలు అది. సన్యాసిరావు ఆగిపోయాడు.

కరెంటు వచ్చింది. పెద్దమ్మగారు జెల్లు ముందు తన అరచేతిలో వేసుకుని వెచ్చచేసి, అప్పుడు ఆ మడమకి రాసింది. నన్ను ఆనించింది.

నాలుగు పాయింట్ ఏడు.

తుడిచి మళ్ళీ ఆనించింది. అదే. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది, తప్పు అక్కడుందేమోనని. "హిమజా," అంది మెల్లగా, "ఇలా రా." హిమజ కొలిచింది. అదే.

సన్యాసిరావుకి మిల్లీమీటర్లు తెలియకపోయినా అంకెలు బాగా తెలుసు. "ఇందాక మూడు కదండీ?" అన్నాడు గట్టిగా.

ఆ గొంతుకి నూకరత్నం ఉలిక్కిపడి లేచి తల తిప్పింది. తన కాలి దగ్గర స్టూలుమీద పెద్దమ్మగారిని చూసింది. పాదం ఒక్కసారిగా వెనక్కి గుంజుకుంది. నేనింకా అక్కడే ఆని ఉన్నాను. తెరమీద ముగ్గురూ చూస్తూండగా, ఉబ్బిన పట్టీ బిగిసి, సాగి, సన్నబడి మూడు పాయింట్ ఆరు దగ్గర ఆగింది.

సన్యాసిరావు వంగి తెరని వేలితో తట్టి చూశాడు.

"మెషిను పాడైపోనాదండి," అన్నాడు సన్యాసిరావు.

"మెషినుకేం కాలేదు," అంది హిమజ.

"మరి ఏది నిజమండి?"

 పెద్దమ్మగారు నన్ను హిమజ చేతిలోంచి తీసి నా కొక్కేనికి తగిలించింది. అంకె తేల్చకుండా డాక్టరు నన్ను పక్కన పెట్టడం అదే మొదటిసారి. స్టూలు జరుపుకుని నూకరత్నం తలవైపు వెళ్ళి కూర్చుంది.

"నూకా, నొప్పి ఎలా ఉంటుందే నీకు?"

ఆ గదిలో వారం పదిరోజులుగా ఆ మడమ గురించి ఎన్ని మాటలు నడిచాయో నేను విన్నాను. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. నూకరత్నం ముందు భర్తవైపు చూసింది. తరవాత పెద్దమ్మగారి వైపు.

"పొద్దున్న మంచం దిగినప్పుడమ్మా," అంది. "మడమ కింద మేకున్నట్టే. గోడట్టుకుని మునేల్ల మీద ఎల్తాను దొడ్లోకి. ఆయన లేగిసిపోతారని సప్పుడు సెయ్యను. పొయ్యి కాడికెల్లినాక రెండో వాయి, మూడో వాయి అయితే మొద్దుబారీసి తెల్దు. కూకుని లేగిత్తే మల్లీ మొదలు. అందికే కూకోనమ్మా. ఈయనేమో అందరికీ సెప్తారు, మాయావిడికి కూకోడం ఇష్టం నేదు, నిలబడ్డమే ఇష్టం అని."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నువ్వు నాకు సెప్పనేదు కదే," అన్నాడు సన్యాసిరావు.

"సెప్పినాను."

 ఆయన తెరవైపు చూశాడు, అలవాటుకొద్దీ. తెరమీద ఏమీ లేదు. నేను కొక్కేనికి వేలాడుతున్నాను.

"నేను పట్టుకుంటే ఈ పాదం మర్యాదకి బిగుసుకుంటోంది," అంది పెద్దమ్మగారు ఆయనతో. "నిద్రలో వచ్చిందే అసలుది. హిమజ మొదటిరోజు చెప్పిందే సరైంది. తప్పు నాది కాదు, నూకదీ కాదు. కానీ నువ్వు మెషినుని అడిగిన మాట ఆవిణ్ణే అడిగుంటే మాకీ గాజుల భాగోతం తప్పేది."

సన్యాసిరావుకి గాజుల సంగతి అర్థం కాలేదు. మిగతాది అర్థమైనట్టుంది. బయటికెళ్ళి, ఎప్పుడూ వీధి చివర ఆపే మోపెడ్‌ని మెట్లదాకా తోసుకొచ్చి నిలబెట్టాడు.

అప్పట్నుంచి మా దగ్గర మడమ స్కాను పద్ధతి మారింది. మడమ నొప్పని వచ్చినవాళ్ళని ముందు ఎలా ఉంటుందో చెప్పమంటారు. ఆ తరవాత దిండు ఇచ్చి, ఫ్యాను వేసి, నిద్రపట్టేదాకా ఆగుతారు. నిద్రపట్టాకే కొలుస్తారు. పట్నంలో ఈ సంగతి వేరేలా పాకింది. పెద్దమ్మగారి దగ్గర మధ్యాహ్నం పడుకోనిస్తారట అని. మడమలు నిక్షేపంగా ఉన్న ఆడవాళ్ళు కూడా నొప్పని వచ్చి, వంతు రాగానే దిండు సర్దుకుని కళ్ళు మూసుకునేవారు. హిమజ కొన్నాళ్ళు విసుక్కుంది. తరవాత, వాళ్ళకి కావాల్సింది దొరికే చోటు ఇదొక్కటే అయితే నేనేం చెయ్యను అని ఇంకో బల్ల వేయించింది.

రానురానూ నా పలుకులు ఒక్కొక్కటే మూగబోయాయి. ఇప్పుడు నేను గీయించే బొమ్మలో నల్లటి గీతలు పడతాయి. నా స్థానంలో కొత్తది వచ్చింది. నన్ను సొరుగులో పెట్టారు, పాత థర్మామీటర్ల పక్కన. కబుర్లన్నీ పోలమ్మ నోట వినాల్సిందే. ఆమె రోజూ పొద్దున్న ఆ కొట్లోనే టిఫిను తింటుంది.

సన్యాసిరావు పూరీలు ఏ ఆకారానికీ రావట. ఒకటి మామిడాకులా ఉంటే ఒకటి కుక్కచెవిలా ఉంటుందట. నూనె చిట్లి చేతులనిండా మచ్చలట. "ఇదేటి పూరీ?" అని ఎవరైనా అంటే, "తిను, కడుపులోకెల్లినాక గుండ్రంగా ఉన్నాదో నేదో ఎవడు సూత్తాడు?" అంటాడట.

నూకరత్నం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని, రెండు కాళ్ళూ దానిమీద బారజాపుకుని. అరికాళ్ళు వీధివైపు. పోలమ్మ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. పెద్దా చిన్నా, మగా ఆడా, వచ్చేపోయే బస్సు జనం ఎదుట అలా కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆడదాన్ని ఆమె ఇంతవరకూ చూడలేదట. మొదటిరోజు ఇద్దరు ముగ్గురు గుర్రుగా చూశారట. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇస్తూనే ఉందట, కాళ్ళు తియ్యలేదట. ఇప్పుడు జనమే ఆ స్టూలు చుట్టూ తిరిగి వచ్చి డబ్బులిచ్చి వెళ్తున్నారట.

ఆ పాదాలు ఇప్పుడెంత వదులుగా ఉంటాయో నేను ఊహించగలను. వాటిని ఎవరూ కొలవడం లేదు.